టైమ్ ఎన్ని వేషాలు వేసిందో!

లండన్‌లో ఒకావిడ టైమ్ అమ్ముకుని బతికింది. మాటవరసకి కాదు, అక్షరాలా అదే ఆమె వృత్తి. పేరు రూత్ బెల్‌విల్. వారానికోసారి గ్రీనిచ్ అబ్జర్వేటరీకి వెళ్లేది. సంచిలో పాతకాలపు జేబు గడియారం ఉండేది. జాన్ ఆర్నాల్డ్ అనే పేరుమోసిన పనివాడు చేసిన క్రోనోమీటర్ అది. ఆమె దాన్ని ‘ఆర్నాల్డ్’ అనే పిలిచేది. మొదట్లో దానికి బంగారు తొడుగు ఉండేది. దొంగల భయంతో తీసేసి వెండిది వేయించారు. అబ్జర్వేటరీ సిబ్బంది దాన్ని తమ గడియారంతో సరిచూసి, తేడా ఎంతో కాగితం మీద రాసిచ్చేవాళ్లు. ఆ కాగితం, ఆ గడియారం పట్టుకుని ఆమె నగరంలో చందాదారుల దగ్గరికి తిరిగేది. వాళ్లు దాన్ని ఒకసారి చూసి తమ గడియారం సరిచేసుకునేవాళ్లు. అంతే బేరం. ఆ ఒక్క చూపుకే డబ్బు.

ఈ వ్యాపారం తండ్రి జాన్ హెన్రీ 1836లో మొదలుపెట్టాడు. ఆయన పోయాక భార్య మరియా నడిపింది. 1892 నుంచి కూతురు రూత్ వంతు. మధ్యలో టెలిగ్రాఫ్ తీగల మీద టైమ్ సంకేతాలు వచ్చాయి. 1924లో బీబీసీ రేడియోలో ఆరు ‘పిప్’ల మోత మొదలైంది. 1936లో ఫోన్ చేస్తే టైమ్ చెప్పే సేవ వచ్చింది. దానికి తిప్పాల్సిన అక్షరాలు టి, ఐ, ఎమ్. ఇన్ని వచ్చినా రూత్‌కి ఖాతాదారులు మిగిలారు. 1940లో, 86 ఏళ్ల వయసులో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా ఆమె పని మానుకుంది.

ఆమె అమ్మిన టైమ్‌కి అర్థం ఒక్కటే: ఈ క్షణాన గంట ఎంత. కానీ అదే ఇంగ్లిష్ మాట జైలులో శిక్ష అవుతుంది. సంగీతంలో తాళం అవుతుంది. ఎక్కాల పుస్తకంలో గుణకారం, పబ్బులో ‘ఇక లేవండి’ అనే కేక, ఫ్యాక్టరీలో కూలి లెక్క అవుతుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు నూరు కోట్లకు పైగా మాటలున్న పాఠ్యనిధిని జల్లెడ పట్టి 2006లో ఒక జాబితా ప్రకటించారు. ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఎక్కువగా వాడే నామవాచకం ‘టైమ్’ అని తేలింది. మనిషి అనే అర్థమున్న ‘పర్సన్’ది రెండో స్థానం, సంవత్సరానిది మూడో స్థానం. ఒక్క మాట మీద ఇంత బరువు ఎందుకు పడింది? నిఘంటువు పుటల్లో వెతికితే అర్థాలు వరసగా కనిపిస్తాయి. కారణం మాత్రం ఆ మాట పనిచేసిన చోట్లకి వెళ్తేనే దొరుకుతుంది. రైల్వే స్టేషన్, మిల్లు, కోర్టు, మైదానం... ఒక్కో చోట ఒక్కో అర్థం దానికి అంటుకుంది.

అల కాదు, అదును

పాత ఇంగ్లిష్‌లో ఈ మాట రూపం ‘తీమా’. దాని మూలానికి ముక్కలు చేయడం, పంచడం అని అర్థం చెబుతారు. సంస్కృతంలో కోయడం, పంచడం అనే అర్థాల్లో ఉన్న ‘దా’ ధాతువుతో దానికి చుట్టరికం కలుపుతారు భాషా చరిత్రకారులు. అంటే అనంతంగా సాగే కాలం కాదు, అందులోంచి కోసుకున్న తునక టైమ్. నార్వే, డెన్మార్క్ భాషల్లో నేటికీ ఇదే అక్షరాల మాటకి ‘గంట’ అని అర్థం.

దీనికి ఒక తోబుట్టువు ఉంది, ‘టైడ్’. జర్మన్‌లో ‘త్సైట్’, స్వీడిష్‌లో ‘తీద్’ కాలాన్ని చెప్పే మాటలు; అవీ ఈ కుటుంబంవే. ఇంగ్లిష్‌లో టైడ్‌కి కూడా మొదట కాలం, అదును అనే అర్థం. సముద్రపు ఆటుపోట్ల అర్థం ఆ తర్వాత వచ్చింది. వేళకి వచ్చి వేళకి పోయే నీరు కదా. పాత అర్థం ఇప్పటికీ ‘క్రిస్మస్‌టైడ్’ లాంటి మాటల్లో నిలిచి ఉంది. ‘టైడీ’ అంటే నీటుగా అని మనకి తెలుసు, దాని తొలి అర్థం సకాలంలో అని.

తెలుగు బడుల్లో తరాలుగా చెప్పుకుంటున్న ఒక సామెత ఇక్కడ కొత్తగా కనిపిస్తుంది. టైమ్, టైడ్ ఎవరికోసమూ ఆగవు అన్నదానికి ‘కాలమూ కెరటమూ ఎవరి కోసమూ ఆగవు’ అని అర్థం చెప్పడం మామూలు. ఆ బొమ్మ బాగుంటుంది, కాదనలేం. కానీ సామెత పుట్టినప్పుడు అందులో సముద్రం లేదు. కాలం, అదును రెండూ ఆగవనే దాని మాట. మన రైతు ‘అదను తప్పితే అంతే’ అన్నప్పుడు చెప్పేదీ అదే.

డార్చెస్టర్ కోర్టులో పది గంటలు

1840 దాకా ఇంగ్లండ్‌లో ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. నడినెత్తిన సూర్యుడు ఉంటే పన్నెండు. బ్రిస్టల్ లండన్‌కి పడమర ఉంది కాబట్టి అక్కడ పన్నెండు కొట్టేది లండన్ కన్నా పది నిమిషాలు ఆలస్యంగా. గుర్రబ్బండి ప్రయాణాల్లో ఆ తేడాని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రైలు వచ్చాక ఆ పది నిమిషాలు ప్రాణం మీదికి తెచ్చేలా తయారయ్యాయి. 1840 నవంబరులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన స్టేషన్లన్నిటా లండన్ టైమే అమలు చేసింది. అప్పటినుంచి ‘రైల్వే టైమ్’ అనే జంట మాట ఇంగ్లిష్‌లో చేరింది.

ఊళ్లు అంత తేలిగ్గా లొంగలేదు. బ్రిస్టల్ కార్న్ ఎక్స్ఛేంజ్ గడియారానికి రెండు నిమిషాల ముళ్లు పెట్టారు, ఒకటి ఊరిది, ఒకటి లండన్‌ది. ఆ గడియారం ఇప్పటికీ ఉంది.

ఈ పేచీ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1858 నవంబరులో డార్చెస్టర్‌లో ఒక భూవివాదం విచారణకి వచ్చింది. పది గంటలకి కోర్టు మొదలవ్వాలి. కోర్టులో గడియారం పది దాటింది, జడ్జి వచ్చి కూర్చున్నాడు, ప్రతివాది లేడు. తీర్పు అతనికి వ్యతిరేకంగా చెప్పేశారు. మరుక్షణంలో అతని లాయరు వచ్చాడు. ఊరి గడియారం ప్రకారం ఇంకా పది కాలేదని వాదించాడు. కోర్టు గోడ మీద ఉన్నది గ్రీనిచ్ టైమ్ మరి. పై కోర్టు ఊరి పక్షాన నిలబడింది. పది గంటలంటే ఆ ఊళ్లో పది గంటలేనని తేల్చి మళ్లీ విచారించమంది. దేశమంతటికీ చట్టం ప్రకారం ఒకే టైమ్ రావడానికి ఇంకో 22 ఏళ్లు పట్టింది. ఆ చట్టం 1880లో వచ్చింది.

ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కాలేజీ నేటికీ తన పాత టైమ్‌ని పూర్తిగా వదులుకోలేదు. ఆ ఊరు గ్రీనిచ్‌కి ఐదు నిమిషాలు వెనక. అక్కడి ‘గ్రేట్ టామ్’ గంటని రోజూ రాత్రి 9:05కి 101 సార్లు మోగిస్తారు. ఊరి పాత లెక్కలో అది సరిగ్గా తొమ్మిది.

మన దేశంలోనూ ఈ కథ నడిచింది. మద్రాసు అబ్జర్వేటరీ టైమ్‌ని రైల్వేలు చాలాకాలం వాడాయి. భారత ప్రామాణిక సమయం 1906 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైమ్‌ని పట్టుకునే ఉన్నాయి. ఈ లెక్కకి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీర్జాపూర్ దగ్గర నుంచి దిగి, తెలుగు నేల మీద కాకినాడ, తుని ప్రాంతం గుండా సముద్రంలోకి వెళ్తుంది.

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లని తికమకపెట్టే ఒక తేడా కూడా ఇక్కడే తేలిపోతుంది. ‘ఆన్ టైమ్’ అంటే పట్టికలో రాసిన నిమిషానికి. ‘ఇన్ టైమ్’ అంటే మించిపోకముందే. రైలు ఆన్ టైమ్ వస్తుంది, అంబులెన్స్ ఇన్ టైమ్ రావాలి. మన స్టేషన్లలో ‘ఆన్ టైమ్’కి బదులు ‘రైట్ టైమ్’ అనడం మామూలు. ‘గోదావరి రైట్ టైమే’ అంటే ఇక్కడ అందరికీ అర్థమవుతుంది.

రెండు ముఖాల గడియారం

ఈ మాటకి పట్టిన అర్థాల్లో అన్నిటికన్నా బరువైనవి మిల్లుల్లో పుట్టాయి.

మాకిల్స్‌ఫీల్డ్‌లోని పార్క్ గ్రీన్ మిల్లుకి 1810 నాటి ఒక గడియారం ఉండేది. దానికి రెండు ముఖాలు. ఒకటి అసలు టైమ్ చూపించేది. రెండోది మిల్లుని నడిపే నీటి చక్రానికి కలిపి ఉండేది. వాగులో నీళ్లు తగ్గి చక్రం నెమ్మదిస్తే రెండో ముఖమూ నెమ్మదించేది. కార్మికుల రోజు ముగియాల్సింది ఆ రెండో ముఖం ప్రకారం. వాగు ఎండితే ఆ లోటు పూడ్చాల్సింది వాళ్ల ఒళ్లే. ‘పోయిన టైమ్’, ‘టైమ్ పూడ్చడం’ అనే పలుకుబళ్లు ఇలాంటి చోట్ల ఎంత కరకుగా వినపడి ఉంటాయో ఊహించవచ్చు.

చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం నిండా ఈ సంగతులే. ఉదయం గడియారాన్ని ముందుకి, సాయంత్రం వెనక్కి తిప్పిన యజమానుల గురించి ఆనాటి కార్మికులు చెప్పిన సాక్ష్యాలు అందులో ఉన్నాయి. కార్మికుడు సొంత గడియారం తెచ్చుకోవడానికి భయపడే మిల్లులు ఉండేవి. తెస్తే మోసం బయటపడుతుంది కదా. అంతకుముందు పల్లె మనిషి రోజుని పనితో కొలిచేవాడు. పాలు పితికే వేళ, కోత వేళ, మందని తోలుకొచ్చే వేళ. మిల్లు వచ్చి పనినే గంటతో కొలవడం మొదలుపెట్టింది. ఫుల్ టైమ్, పార్ట్ టైమ్, ఓవర్ టైమ్ అనేవి ఈ కొలత పిల్లలే. ‘టైమ్ అండ్ ఎ హాఫ్’ అన్నప్పుడు టైమ్ అంటే గంట కూడా కాదు, ఏకంగా కూలి. అదనపు పనికి ఒకటిన్నర రెట్ల చెల్లింపు అని దానర్థం.

టైమ్ డబ్బుతో సమానం అనే సూత్రాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఒక కుర్ర వ్యాపారికి సలహాగా రాశాడు. ఇంగ్లిష్‌లో టైమ్ పక్కన వచ్చే క్రియలు చూస్తే ఖాతా పుస్తకం తెరిచినట్టే ఉంటుంది. ఖర్చు పెడతారు, ఆదా చేస్తారు, వృథా చేస్తారు, పెట్టుబడి పెడతారు, అప్పు తెచ్చుకున్నట్టు కూడా మాట్లాడతారు. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు పండితులు 1980లో వెలువరించిన పుస్తకంలో దీన్ని విడమర్చి చూపించారు. తెలుగులో కాలం పక్కన వచ్చే క్రియలు వేరు: గడుపుతాం, వెళ్లదీస్తాం, నెట్టుకొస్తాం, కాలం కలిసొస్తుంది. డబ్బు వాసన తక్కువ, బతుకు వాసన ఎక్కువ.

జైలు అర్థం ఈ లెక్కకి దగ్గరిదే. ‘డూయింగ్ టైమ్’ అంటే శిక్ష అనుభవించడం. పబ్బుది మాత్రం వేరే కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆయుధ కర్మాగారాల్లో పని చెడుతోందని బ్రిటన్ ప్రభుత్వం పబ్బుల వేళల్ని కుదించింది. మూసే వేళకి యజమాని గంట కొట్టి ‘టైమ్, జెంటిల్మెన్, ప్లీజ్’ అని కేకేయడం అక్కడి జనజీవితంలో భాగమైపోయింది. 2005 నవంబరు నుంచి వేళల నిబంధన సడలింది, కేక మాత్రం పూర్తిగా పోలేదు.

ఐదు ఆర్లు

మూడు టైమ్స్ అంటే మూడుసార్లు. ఐదుని ఆరుసార్లు వేసుకుంటే గుణకారం. అందుకే ఇంగ్లండ్ పిల్లలు ఎక్కాలని ‘టైమ్స్ టేబుల్స్’ అంటారు, ‘ఫైవ్ టైమ్స్ సిక్స్’ అని చదువుతారు. మన బడుల్లో అదే లెక్కని ‘ఫైవ్ ఇన్‌టు సిక్స్’ అంటాం. ఈ ఇన్‌టు దగ్గరే చిక్కు. బ్రిటన్‌లో, అమెరికాలో ‘ఫైవ్ ఇన్‌టు థర్టీ’ అంటే ముప్పైని ఐదుతో భాగించమని. అక్కడి బడుల్లో చేరిన మన పిల్లలకి ఇది చెప్పి పంపడం మంచిది. అమ్మానాన్నలు ఇంట్లో లెక్కలు చెప్పేటప్పుడు ఒకటి, బడిలో టీచరు చెప్పేటప్పుడు దానికి తిరగేసింది వినపడితే పిల్ల తప్పేమీ లేకుండానే తప్పు చేస్తుంది.

తెలుగులో ఈ పనికి రెట్లు, సార్లు, మాట్లు అని విడివిడి మాటలున్నాయి. ‘మూడు రెట్లు’ అన్నప్పుడు పరిమాణం, ‘మూడుసార్లు’ అన్నప్పుడు జరిగిన లెక్క. ఇంగ్లిష్ రెండిటికీ ఒకే టైమ్స్‌ని వాడుతుంది.

బహువచనంలో ఇదే మాట రోజులు, యుగం కూడా అవుతుంది. 1785లో జాన్ వాల్టర్ లండన్‌లో పెట్టిన పత్రిక 1788 జనవరి 1న ‘ద టైమ్స్’గా పేరు మార్చుకుంది. ప్రపంచమంతటా పత్రికల పేర్లలో టైమ్స్ కనిపించడానికి దారి వేసింది ఆ పేరే. ఆ పత్రిక కోసం తయారై 1932లో వాడుకలోకి వచ్చిన అక్షరాలే కంప్యూటర్ వాడే ప్రతివాళ్లకీ తెలిసిన టైమ్స్ న్యూ రోమన్.

బెయిల్స్ తీసేవేళ

క్రికెట్‌లో ఆట ముగించడానికి అంపైర్ పలకాల్సిన మాట ‘టైమ్’. ఆ మాట అని బెయిల్స్ తీస్తారు. ఒకప్పుడు ఆ మాటకి గడువే లేని టెస్టులు జరిగాయి. 1939 మార్చి 3న డర్బన్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ మధ్య మొదలైన టెస్టు ఫలితం తేలేదాకా ఆడాలని ఒప్పందం. ఇంగ్లండ్ లక్ష్యం 696. మార్చి 14న 5 వికెట్లకి 654 దాకా వచ్చింది, ఇంకా 42 పరుగులే. వాన కురిసింది. ఇంగ్లండ్ జట్టు కేప్‌టౌన్‌లో ఓడ ఎక్కాలి, అక్కడికి రెండు రోజుల రైలు ప్రయాణం. ఆట డ్రాగా ముగించారు. గడువులేని ఆటకి ఓడ గడువు పెట్టింది.

2023 నవంబరు 6న ఢిల్లీ ప్రపంచ కప్ మ్యాచ్‌లో శ్రీలంక ఆటగాడు ఏంజెలో మాథ్యూస్ ఒక్క బంతి ఆడకుండా ‘టైమ్డ్ అవుట్’ అయ్యాడు. వికెట్ పడిన 2 నిమిషాల్లో తర్వాతి బ్యాటర్ ఆటకి సిద్ధంగా ఉండాలన్నది ఆ టోర్నీ నిబంధన. హెల్మెట్ పట్టీ తెగి ఆలస్యమైంది, బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అల్ హసన్ అప్పీల్ చేశాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో అలా అవుటైన తొలి ఆటగాడు మాథ్యూస్.

క్రికెట్టే మనకిచ్చిన మరో మాట టైమింగ్. బలం లేకుండా, బంతి బ్యాటు మీదికి వచ్చే సరైన వేళకి తాకించడం. హైదరాబాద్ వాడు వి.వి.ఎస్. లక్ష్మణ్ 2001లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 281 కొట్టినప్పుడు ఈ మాటకి తెలుగువాళ్లకి వేరే వివరణ అక్కర్లేకపోయింది. ఆ తర్వాత అది సినిమా మాట కూడా అయింది. ‘కామెడీ టైమింగ్’ అనకుండా మన సినిమా సమీక్ష సాగదు.

తెలుగు నేల మీద

అరువు తెచ్చుకున్న మాటని తెలుగువాళ్లు ఊరికే ఉంచలేదు. ‘వాడి టైమ్ నడుస్తోంది’, ‘మన టైమ్ బాలేదు’ అంటారు. ఇక్కడ టైమ్‌కి గ్రహదశ, అదృష్టం అని అర్థం. ఇది లండన్ నుంచి ఓడ ఎక్కి రాలేదు. మన ‘కాలం కలిసిరావడం’ ఇంగ్లిష్ మాట లోపలికి దూరింది.

టైమ్‌పాస్ ఇంకా గట్టిది. రైలు పెట్టెలో పల్లీలమ్మే అబ్బాయి ‘టైమ్‌పాస్, టైమ్‌పాస్’ అంటే అది పల్లీల పేరే అయిపోయింది. ఈ భారతీయ మాట ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకీ ఎక్కింది. మీరట్‌లో డిగ్రీలు పట్టుకుని ఉద్యోగాల కోసం ఎదురుచూసే యువకుల మీద క్రెయిగ్ జెఫ్రీ అనే పరిశోధకుడు 2010లో తెచ్చిన పుస్తకానికి పేరు కూడా టైమ్‌పాసే. తెలుగులో సరిగ్గా ఇదే కూర్పుతో ముందే ఒక మాట ఉంది: కాలక్షేపం. హరికథా కాలక్షేపం అన్నప్పుడు దానికి ఎంత మన్నన! ‘కాలక్షేపం బఠాణీలు’ అన్నప్పుడు ఎంత చనువు! టైమ్‌పాస్‌కి ఆ రెండోదే వచ్చింది, మొదటిది రాలేదు.

ఇంకో నష్టమూ ఉంది. ‘ఫస్ట్ టైమ్ చూశాను’, ‘టైమ్ లేదు’, ‘టైమ్ ఇవ్వండి’, ‘టైమ్‌కి తినండి’ అనే నాలుగు చోట్లా తెలుగుకి నాలుగు మాటలున్నాయి: మొదటిసారి, తీరిక, గడువు, వేళ. ఆఫీసులో, స్టేషన్‌లో, మైదానంలో టైమ్ అనే మాటకి అడ్డు చెప్పాల్సిన పని లేదు, అది అక్కడ పుట్టిందే. ఇంట్లో, వంటింట్లో, పొలంలో మాత్రం పూట, వేళ, అదను, తీరిక దానికన్నా సూటిగా పనిచేస్తాయి. అవి పక్కకి జరిగితే పిల్లలకి పోయేది పదాలు మాత్రమే కాదు, వాటి మధ్య ఉన్న తేడా తెలిసే తెలివి కూడా.

ఈ మాటకున్న అర్థాల్లో ఈ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేల ఇళ్ల బతుకు ముడిపడి ఉన్నది మరొకటి. కాంట్రాక్టు ఉద్యోగుల ధర్నా శిబిరాల్లో, వినతిపత్రాల్లో ఏళ్లుగా కనిపించే మాట అది: ‘మినిమం టైమ్ స్కేల్’. ప్రభుత్వ నిబంధనల్లో టైమ్ స్కేల్ అంటే ఒక కనీసం నుంచి ఒక గరిష్ఠం దాకా ఇంక్రిమెంట్లతో మెట్లు మెట్లుగా పెరిగే జీతం. ఇక్కడి టైమ్ అంటే సర్వీసులో గడిచిన ఏళ్లు. రెగ్యులర్ ఉద్యోగులు చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగులకి కనీసం ఆ స్కేలు తొలి మెట్టు జీతమైనా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 26న పంజాబ్ ప్రభుత్వం, జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. మినిమం అంటే ఆ తొలి మెట్టే. ఏటా ఇంకో మెట్టు ఎక్కించే ఇంక్రిమెంట్ అందులో లేదు. పదేళ్లు చేసినా ఇరవై ఏళ్లు చేసినా ఆ ఏళ్లు జీతంలో లెక్కకి రావు. వాళ్లు అడుగుతున్నది ఆ ఏళ్లని లెక్కించమనే.